కార్పెట్ కడిగించాక ఆ మరకల స్ప్రే కొట్టించాలా, పైసలు దండగా?

రామగిరి అమ్మాయి, నల్గొండ

అందరికీ నమస్తే. చిన్న విషయమే గానీ మూడు రోజుల నుంచి మా ఇంట్లో ఇదే పంచాయితీ, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మా హాల్లో ఎనిమిది బై పది కార్పెట్ ఉంది. గృహప్రవేశానికి మా ఆడబిడ్డ పెట్టింది, లేత గోధుమ రంగు, అంచున మెరూన్ పట్టీ. ఆమె ఎప్పుడొచ్చినా నన్ను పలకరించే ముందు దాని దిక్కే చూస్తుంది, కాబట్టి దాని మీద మరక అంటే నాకు మామూలు టెన్షన్ కాదు.

పోయిన ఏడాది సద్దుల బతుకమ్మ నాడు గునుగు పూలకు గులాబీ రంగు, ఆకుపచ్చ రంగు అద్ది, ఆరడానికి హాల్లోనే పేపర్ మీద పరిచాం. పేపర్ నాని రంగు కిందికి దిగిందని పూలు తీసేదాకా ఎవరికీ తెలియలేదు. అరచేయంత గులాబీ మరక. దాని పక్కనే గౌరమ్మను చేసేటప్పుడు రాలిన పసుపు. సోఫా ముందు మా మామ చాయ్ ఒలికించిన చోటు సరేసరి. ఇన్నాళ్లూ టీపాయ్ అటు జరిపి ఇటు జరిపి కప్పిపెట్టుకుంటూ వచ్చా.

పోయిన వారం హైదరాబాద్ నుంచి మిషన్ వాళ్లను పిలిపించి 2,400 ఇచ్చి కడిగించాం. నిజం చెప్పాలంటే బాగా వచ్చింది, గులాబీ మాత్రం వంగి చూస్తే లీలగా కనిపిస్తుంది. వాళ్లు సామాను సర్దుకుంటూ "మేడమ్, ఇంకో 1,500 ఇస్తే ప్రొటెక్టర్ కొట్టి పోతాం, రెండేళ్ల దాకా ఏం పడ్డా మరక కాదు" అన్నారు. మా ఆయన కొట్టించేద్దాం అన్నాడు, మా అత్తమ్మ "ఆ పైసలకు జంపఖానా వస్తది" అంది, నేను రేపు ఫోన్ చేస్తా అని పంపించేశా.

ఆ స్ప్రే నిజంగా పనిచేస్తుందా? పదకొండు నెలల పిల్లవాడు రోజంతా దాని మీదే పాకుతాడు, వాడికేమైనా అవుతుందా? ఆ డబ్బా మీద ఫ్లోరో అని ఏదో రాసి ఉంది, నల్గొండలో పుట్టి పెరిగిన దాన్ని, ఆ మాట చూస్తేనే గుండె గుభేల్మంటుంది. ఇంకొకటి, కడిగిన నాడు మాయమైన చాయ్ మరక మూడో రోజు మళ్లీ పైకి తేలింది. ఇదేం మాయ?

---

కడిగే భయ్యా, జడ్చర్ల

అక్కా, ఎనిమిదేళ్లు హైదరాబాద్‌లో ఇదే పని చేసి ఇప్పుడు ఊళ్లో సొంత మిషన్ పెట్టుకున్నా. రెండేళ్లు ఏం పడ్డా మరక కాదు అన్నాడంటే అది అమ్ముకునే మాట. నేను కూడా కొత్తలో అట్లనే చెప్పేవాణ్ణి, మాతో చెప్పించేవాళ్లు.

ఆ స్ప్రే చేసేది ఒక్కటే పని. దారం చుట్టూ సన్నటి పూత వేస్తుంది, చేమ ఆకు మీద నీటిబొట్టు నిలబడ్డట్టు పడ్డది కాసేపు పైనే ఉంటుంది. ఆ కాసేపట్లో మీరు గుడ్డ తెచ్చి అద్దేస్తే బతికిపోతారు, చూడకుండా వదిలేస్తే స్ప్రే ఉన్నా లేకున్నా లోపలికి దిగాల్సిందే. వేడి చాయ్, వేడి పులుసు అయితే ఇంకా తొందరగా దిగుతాయి. పైగా నడిచే దారిలో పూత ముందుగా అరిగిపోతుంది. తలుపు నుంచి సోఫా దాకా ఉండే బాట ఆరు నెలల్లోనే పోవచ్చు, టీపాయ్ కింద ఎవరూ తొక్కని చోట ఏడాది దాటినా ఉంటుంది. అందుకని నేను మొత్తం కార్పెట్‌కు కాకుండా ఆ బాటకు, సోఫా ముందుకు మాత్రం కొట్టి సగం పైసలే తీసుకుంటా.

అసలు మీ కార్పెట్‌కు అవసరమా అనేది దారాన్ని బట్టి ఉంటుంది, అది తెలియకుండా అవునని చెప్పినా కాదని చెప్పినా గాలిలో రాయి వేసినట్టే. వెనక అంచు దగ్గర ఒక్క పోగు లాగి, స్టీల్ ప్లేట్‌లో పెట్టి, చిమటాతో పట్టుకుని అంటించండి, పిల్లవాణ్ణి దూరంగా ఉంచి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిదైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్ద కడితే ప్లాస్టిక్ జాతి. కాగితంలా కాలితే నూలు, జనుము, లేదా ఆన్‌లైన్‌లో సిల్క్ టచ్ అని అమ్మే విస్కోస్. విస్కోస్ అయితే మాత్రం నీళ్లతో కలిపిన ఏ స్ప్రే దగ్గరికీ రానివ్వకండి, తడి తగిలితే పసుపుబారి చీపురు పుల్లల్లా బిరుసెక్కుతుంది. ఒకసారి కొత్తూరు దగ్గర ఒక విల్లాలో అట్ల నా చేతులతోనే ఒకటి పాడుచేసి నెల జీతం కట్టా.

పూసలా ముద్ద కడితే ఇంకో పోగు తీసి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క కలిపిన నీళ్లలో వేలితో ముంచి వదలండి. తేలితే పాలీప్రొపిలీన్. దానికి రంగు పోగు తయారయ్యేటప్పుడే లోపల కలిపి వస్తుంది, నీళ్ల మరకలు పెద్దగా పట్టవు, స్ప్రేకి ఒక్క రూపాయి కూడా పెట్టొద్దు, నూనె మాత్రం దానికి గట్టిగా పడుతుంది. మునిగితే నైలాన్ గానీ పాలిస్టర్ గానీ. గునుగు రంగు అంతగా పట్టుకుందంటే నాకైతే నైలాన్ అని డౌట్. నైలాన్‌కు, ఉన్నికి అయితే స్ప్రే పెట్టిన పైసలకు న్యాయం చేస్తుంది.

చాయ్ మరక తిరిగి రావడం మాయ కాదక్కా, దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టే. చాయ్ కార్పెట్ అడుగు పొర దాకా దిగి ఉంది, మిషన్ పైది లాగింది, ఆరేటప్పుడు తడితో పాటు అడుగున ఉన్నది దారాల కొసలకు ఎక్కింది. మళ్లీ షాంపూ పోసి రుద్దకండి. గ్లాసు నీళ్లకు అర గ్లాసు తెల్ల వెనిగర్ కలిపి, ముందు మూలన ఒక చుక్క వేసి రంగు దిగట్లేదని చూసుకుని, మరక మీద కొంచెం చల్లి, తెల్లటి పాత టవల్ నాలుగు మడతలు వేసి పైన బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. రంగు టవల్ కాకుండా తెల్లదే వాడండి, లేకపోతే ఇంకో మరక చేసుకుంటారు.

---

దేవరకొండ డౌట్లు

నేను ఈ ముచ్చట్లన్నీ నమ్మి ఆన్‌లైన్‌లో డబ్బా తెప్పించి నేనే కొట్టా. నెల తిరగకముందే కొట్టిన చోటల్లా నల్లగా అయింది, చెప్పులు లేకుండా నడిచినా అడుగుల అచ్చులు పడేవి. ముట్టుకుంటే జిగట. దుబ్బ మొత్తం దానికే అంటుకుంది. మరకలు రాకుండా కొడితే కార్పెట్టే ఒక మరక అయింది. పైసలు దండగ, వదిలేయండి మేడమ్.

---

కడిగే భయ్యా, జడ్చర్ల

డౌట్లన్నా, కొట్టే ముందు కడిగించారా? కడిగాక సబ్బు మొత్తం పోయేదాకా ఉత్త నీళ్లతో లాగించారా? నా అంచనా, లోపల సబ్బు మిగిలింది, దాని మీద స్ప్రే పడింది. సబ్బు జిగట దుమ్మును రమ్మని పిలుస్తుంది. మన దిక్కు ఇంకో బాధ బోరు నీళ్లు. ఉప్పు నీళ్లలో షాంపూ సరిగ్గా కరగదు, తెట్టు కడుతుంది, ఆరాక తెల్ల చార దారాల్లోనే ఉండిపోతుంది. నేను పాలమూరులో ఏ ఇంటికి పోయినా ముందు మిషన్ భగీరథ నల్లా నీళ్లు రెండు డ్రమ్ములు పట్టి ఉంచమని ఫోన్‌లోనే చెప్తా. బోరు నీళ్లతో కడిగి ఎంత ఖరీదైన ప్రొటెక్టర్ కొట్టినా అంతే సంగతులు.

రెండోది, కొట్టి వదిలేస్తే చాలదు. పొగమంచులా పలచగా కొట్టాలి, వెంటనే బ్రష్‌తో ముందు ఒక దిక్కు, తర్వాత అడ్డంగా దువ్వాలి, లేకపోతే కొసల మీదే పేరుకుంటుంది. కిటికీలు తీసి, ఫ్యాన్ వేసి పూర్తిగా ఆరేదాకా ఎవరూ తొక్కొద్దు. మన ఎండాకాలంలో మధ్యాహ్నానికి ఆరిపోతుంది, ముసురు పట్టినప్పుడు అయితే మర్నాటికి కూడా అడుగున తడి ఉంటుంది. ఆరిందా లేదా అని పైన చెయ్యి పెట్టి చూడొద్దు, మూల మడిచి అడుగున చూడాలి.

---

దేవరకొండ డౌట్లు

కడిగించలేదు. దులిపి కొట్టా.

---

కడిగే భయ్యా, జడ్చర్ల

చూశారా మరి అన్నా.

---

కెమిస్ట్రీ సార్, మిర్యాలగూడ

అమ్మా, ఫ్లోరో అన్న మాట చూసి భయపడ్డారు కదా, దాని గురించి చెప్తాను. మర్రిగూడ దిక్కు మన పెద్దవాళ్ల నడుములు వంచింది నేలలోని రాళ్ల నుంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్. ఈ స్ప్రేలో ఉండేది అది కాదు, కార్బన్ గొలుసుకు ఫ్లోరిన్ గట్టిగా అతుక్కున్న పదార్థం. ఆ ఫ్లోరిన్ పొరకు వేరేవాటిని అంటించుకునే గుణం చాలా తక్కువ, నీళ్లూ నూనే రెండూ దాన్ని తడపలేవు, అందుకే మరక నిలవదు. 1953లో త్రీఎం కంపెనీ ల్యాబ్‌లో ఇలాంటి ద్రవం ఒకటి పొరపాటున కాన్వాస్ బూటు మీద ఒలికింది. ఎంత కడిగినా పోలేదు, ఆ చోట మురికీ అంటలేదు. పాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ అనే ఇద్దరు దాని వెంట పడితే స్కాచ్‌గార్డ్ వచ్చింది. అంటే మరకలు పడనివ్వని మందు పుట్టిందే ఒక మరక నుంచి.

అయితే ఆ గట్టితనమే తర్వాత తలనొప్పి అయింది. ఎండకు, వానకు, సూక్ష్మజీవులకు దేనికీ విరగదు, నేలలో, నీళ్లలో, మనుషుల రక్తంలో కూడా అలాగే ఉండిపోతుంది. పాత రకం పీఎఫ్ఓఎస్‌ను ఆపేస్తామని 2000లో ఆ కంపెనీయే ప్రకటించింది, 2009లో ఇలాంటి విరగని విషాల మీద దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం దాన్ని ఆంక్షల జాబితాలో పెట్టింది. ఆ తర్వాత పొట్టి గొలుసుల రకాలు వచ్చాయి, అవీ తేలిగ్గా విరిగేవి కావు. కాబట్టి మీ భయం తప్పు కాదు, కారణం మాత్రం వేరు. రోజంతా నేల మీద పాకుతూ చేతులు నోట్లో పెట్టుకునే పిల్లవాడున్న ఇంట్లో నేనైతే ఫ్లోరిన్ లేనిదే అడుగుతాను. సిలికాన్ రకాలు ఉన్నాయి, నీళ్లను బాగానే ఆపుతాయి, నూనెను మాత్రం ఆపలేవు. కొట్టేవాణ్ణి డబ్బా లేబుల్, దాని సేఫ్టీ షీట్, అంటే లోపల ఏముందో, ఏం ప్రమాదమో రాసి ఉండే కాగితం, ఫొటో పంపమనండి. పంపనంటే ఆ బేరం అక్కడే వదిలేయండి.

ఇక పసుపు. పసుపు మీద సబ్బు పెట్టారా, ఎర్రగా అవుతుంది, చాలామంది కంగారుపడి ఇంకా రుద్దుతారు. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపు నీళ్లలో చిటికెడు సున్నం. సున్నం చేసే పనే సబ్బూ చేస్తుంది, వంటసోడా కూడా అంతే, రెండిటిదీ క్షార గుణం. అందుకే పసుపు పడితే ముందు పొడిగా ఉన్నప్పుడే వాక్యూమ్‌తో లాగేయాలి, తడి చేయొద్దు. అప్పటికే ఎర్రబడితే కొంచెం వెనిగర్ నీళ్లు అద్దితే మళ్లీ పసుపులోకి వస్తుంది. మిగిలినదాన్ని ఎండ చూసుకుంటుంది, పసుపు రంగు వెలుతురుకు ఆగదు. పసుపు మరక పడ్డ తెల్ల చొక్కా డాబా మీద ఆరేస్తే తేలిపోవడం మీరు చూసే ఉంటారు. కార్పెట్‌ను మాత్రం రోజంతా ఎండలో వేయకండి, దాని సొంత రంగు కూడా వెలుస్తుంది.

గునుగు రంగు సంగతి వేరు. నీళ్లలో కరిగిన రంగు దారంలోకి దిగితే అది మరక కాదు, అద్దకమే. పూలు గంటల తరబడి తడిగా దాని మీద ఉన్నాయి కాబట్టి ఏ స్ప్రే కొట్టి ఉన్నా ఆగేది కాదు.

---

పాలమూరు పెద్దమ్మ

సార్ చదువుకున్నాయన, చెప్పింది నిజమే కావచ్చు గానీ నేను నలభై ఏండ్ల సంది అన్నిటికీ వంటసోడానే వాడుతున్నా, ఏ మరకా ఎర్రగా కాలే. బహుశా పసుపు మీద ఎప్పుడూ వేయలేదేమో, గుర్తు లేదు.

బిడ్డా, మా నాయినకు గొర్లుండేవి. వానాకాలం గొంగడి కప్పుకుని పోతే నీళ్లు దాని మీది నుంచి జారిపోయేవి, లోపల అంగీ పొడిగానే ఉండేది. దానికెవరు స్ప్రే కొట్టిన్రు? గొర్రె ఉన్నిలో ఉన్న జిడ్డే దానికి కాపలా. ఇప్పుడు షాపుల్లో కొనే కార్పెట్ల ఉన్నిని ముందే కడిగి కడిగి ఆ జిడ్డంతా తీసేసి, మళ్లీ మన దగ్గర పైసలు తీసుకుని వేరే జిడ్డు పూస్తున్నరు.

నేను చేసేది చెప్తా. పండుగొచ్చినా, దావత్ అయినా, కార్పెట్ చుట్టి మంచం కిందికి తోస్తా. వరంగల్ జంపఖానా పరుస్తా. బగారా అన్నం పడ్డా, తలకాయ కూర పులుసు పడ్డా బావి గట్టు మీద బండకేసి ఉతికితే పోతది. మీ అత్త చెప్పిందే రైటు. కార్పెట్ చుట్టేటప్పుడు లోపల ఎండిన వేపాకు వెయ్యి, పురుగు పట్టదు. మడత మాత్రం వెయ్యకు, మడత పడ్డ చోట గీత పోదు.

నూనె పడితే మాత్రం నీళ్లు ముట్టియ్యకు. పౌడర్ చల్లి రాత్రంతా వదిలి పొద్దున దులుపు. పాలు పడితే చల్లనీళ్లే, వేన్నీళ్లు పోస్తే పాలు విరిగినట్టయి వాసన పట్టుకుంటది. చంటిపిల్లగాడున్న ఇల్లు, నీకు రోజూ ఉండేది ఆ పాల పనే గదా.

---

కెమిస్ట్రీ సార్, మిర్యాలగూడ

పెద్దమ్మా, గొంగడి మాట బాగా చెప్పారు. జిడ్డు తీసేసినా ఉన్ని పోగు పై పొర కొంతవరకు నీటిబొట్టును ఆపుతుంది, అందుకే ఉన్ని కార్పెట్ మీద చాయ్ పడ్డా మనకు ఒకటి రెండు నిమిషాలు దొరుకుతాయి. వంటసోడా మాత్రం ఉన్ని మీద వేయకండి, క్షారం ఉన్నికి పడదు. బట్టలు తెల్లగా చేసే బ్లీచ్ అయితే ఉన్నిని తినేస్తుంది.

---

రామగిరి అమ్మాయి, నల్గొండ

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న మొత్తం ఇదే పని పెట్టుకున్నా, ఏమైందో చెప్తా.

ముందు పోగు అంటించా. మంట తగలగానే ముడుచుకుని, చిన్న గోధుమ రంగు పూసలా అయింది, ఆరాక గోటితో నొక్కినా పగల్లేదు. రెండో పోగు సబ్బు నీళ్ల గ్లాసులో వేస్తే మొదట పైనే ఉంది, హమ్మయ్య పాలీప్రొపిలీన్ అనుకునేలోపు మా ఆయన వేలితో ముంచాడు, నేరుగా అడుక్కి పోయింది. అంటే భయ్యా చెప్పినట్టు నైలానో పాలిస్టరో. మా ఆడబిడ్డకు ఫోన్ చేసి బిల్లు అడిగితే తెలిసేది గానీ, ఎందుకు అడుగుతున్నావ్ అంటే ఏం చెప్పాలి?

తర్వాత నీటిచుక్క పరీక్ష. సోఫా కింద ఎవరూ తొక్కని చోట చుక్క వేస్తే ముత్యంలా నిలబడింది, నేను గ్యాస్ మీద పాలు చూసి వచ్చేదాకా అలాగే ఉంది. తలుపు దగ్గర బాటలో వేస్తే వేసీ వేయగానే ఇంకిపోయింది. కొన్నప్పుడు కంపెనీ పూత ఉండి ఉంటుంది, నడిచిన చోట అరిగింది అని నాకే అర్థమైంది. ఇన్ని రోజులు మొత్తం కార్పెట్ గురించి ఆలోచిస్తున్నా, అవసరం ఉన్నది మూడడుగుల వెడల్పు బాటకే.

చాయ్ మరక మీద వెనిగర్ నీళ్లు చల్లి, మా అత్తమ్మ తెల్ల తువ్వాల మడిచి పెట్టి, బరువుకు ఏం పెట్టాలో తోచక ఇత్తడి బిందె నిండా నీళ్లు పోసి పెట్టా. పొద్దున లేచి తీస్తే తువ్వాల అడుగు మడత మీద బిందె అడుగంత గుండ్రంగా లేత చాయ్ రంగు. కార్పెట్ మీద మరక మూడొంతులు పోయింది. ఈ రాత్రి ఇంకోసారి పెడతా. తువ్వాల గురించి మా అత్తమ్మకు ఇంకా చెప్పలేదు.

స్ప్రే వాళ్లకు ఫోన్ చేసి సేఫ్టీ షీట్ పంపమంటే "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడమ్" అన్నారు. లేబుల్ ఫొటో పంపారు, అందులో వాడే విధానం ఉంది గానీ లోపల ఏముందో లేదు. వద్దని చెప్పేశా. భయ్యా, మీరు నల్గొండ దాకా వస్తారా? ఫ్లోరిన్ లేనిది, ఆ బాటకు, సోఫా ముందుకు మాత్రమే. భగీరథ నీళ్లు పట్టి ఉంచుతా. బాబుని రెండు రోజులు మా అమ్మ వాళ్లింట్లో ఉంచుతా.

---

కడిగే భయ్యా, జడ్చర్ల

వచ్చే వారం మాల్ ఊరి దిక్కు పని ఉంది, అట్నుంచి అటే వస్తా అక్కా. మీరు మొన్ననే కడిగించారు కాబట్టి మొత్తం మళ్లీ కడగను, ఆ బాట ఒక్కటి ఉత్త నీళ్లతో లాగి చూస్తా. బకెట్‌లో నురుగు వస్తే సబ్బు మిగిలినట్టు, అది పోయేదాకా లాగాకే కొడతా. గులాబీ మరక మీద మీరు ఏమీ పోయొద్దు, నైలాన్ అయితే నా దగ్గర ఒక మందు ఉంది, పోతుందని మాత్రం మాటివ్వను.

---

రామగిరి అమ్మాయి, నల్గొండ

సరే భయ్యా. ఒకటే చిక్కు. ఈ ఆదివారమే మా ఆడబిడ్డ వాళ్లు వస్తున్నారు, పిల్లలు నలుగురు, మటన్ కూడా తెప్పిస్తున్నాం. పెద్దమ్మ మాట విని కార్పెట్ చుట్టేసి జంపఖానా పరుద్దామనుకుంటున్నా. గుమ్మంలో అడుగు పెట్టగానే నేనిచ్చిన కార్పెట్ ఏది అని అడుగుతుంది, రాసిపెట్టుకోండి.

---

పాలమూరు పెద్దమ్మ

చుట్టకు బిడ్డా, అట్లనే ఉంచి దాని మీదనే జంపఖానా వెయ్యి. మెరూన్ అంచు నాలుగు వేళ్లు బయటికి కనబడేటట్టు వెయ్యి.